రోజుకు రెండువేల లీటర్లు తాగిన దేవమ్మ జెముడు

ఒంటె కన్నీళ్లు నా అంగీ మీద పడ్డాయి. మా వార్డు మొత్తంలో ఆ గౌరవం దక్కింది నా ఒక్కడికే. ఒంటె ఎందుకు ఏడ్చిందంటే, దాని ముందర నిలబడి యుగంధరన్న అంతకుముందే ఉపన్యాసం ఇచ్చాడు.

వార్డు అభివృద్ధి కమిటీ చైర్మన్ యుగంధరన్న పదకొండు రోజులు అమెరికా ఎడారిలో స్టడీ టూరు చేసి, కమిలిన ముక్కుతో సికింద్రాబాదులో దిగాడు. దిగిన రోజే మారేడ్‌పల్లి ఫంక్షన్ హాల్లో ప్రకటన చేశాడు.

"ఎల్ సెకో అని ఒక సిటీ. చుట్టూ ఇసుక. వాన లేదు. అయినా నెలకో కాలనీ, వారానికో కంపెనీ. గిట్లెట్ల పెరుగుతున్నరని మేయరమ్మను అడిగిన. 'నీళ్ల గురించి ఆలోచిస్తూ కూసోం' అన్నది. గదీ విజన్. ఇయ్యాల్టి సంది ఎల్ సెకో మన సిస్టర్ సిటీ."

హాలు దద్దరిల్లింది. చప్పట్లు ఆగాక టిఫిన్ సెంటర్ దేవమ్మ లేచి నిలబడింది. ఆమె గల్లీలో నల్లా పైపు పగిలి ఏడాదిన్నర. కొత్త పైపులు పన్నెండు తెచ్చి గల్లీ మొగదల పడేశారు, అవి అక్కడే విశ్రాంతి తీసుకుంటున్నాయి. పప్పు నానబోయాలన్నా, ప్లేట్లు కడగాలన్నా పక్క గల్లీ నుంచి బిందెలు మోయాలి. మోసే నడుము ఒకటే, అదీ ఆమెదే. ఈ ఎండాకాలం ఇట్లాగే ఉంటే సెంటర్ మూసెయ్యడమేనని నిర్ణయించుకుంది.

"సిస్టరంటే అక్కనా, చెల్లెనా అన్నా?" అంది.

యుగంధరన్న ఇంజనీరు హేమచంద్ర వంక చూశాడు. హేమచంద్రది భీమవరం వైపు. ఏ మాటనైనా అండీతో కడిగి అందిస్తాడు. "ఫైల్లో వయసు రాయలేదండి."

"అక్కనే," తేల్చేశాడు యుగంధరన్న. "మస్తు పెద్దగున్నది."

"అట్లయితే ఎల్లక్క పుట్టింటికొస్తే కాళ్లకు నీళ్లియ్యాలె గదా. మా గల్లీల నల్లా లేదన్నా."

"అక్క ఎడారి మనిషి. నీళ్లు చూస్తె పరేషాన్ అయితది. కూసో దేవమ్మక్కా."

నెల తిరక్కుండా మేయరమ్మ హదస్సా వస్తున్నట్టు కబురొచ్చింది. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకు కొత్త చోటనిపించకూడదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. డివైడర్ల మీద గన్నేరు చెట్లు పీకి, కాప్రా నర్సరీ నుంచి బ్రహ్మజెముళ్లు తెచ్చి నాటారు. ఇసుక పోశారు. ఒంటెను తెప్పించారు.

"అమెరికా ఎడారిలో ఒంటెలుండవండి," అన్నాడు హేమచంద్ర.

"ప్రోటోకాల్ల ఉంటది," అన్నాడు యుగంధరన్న.

జెముళ్లు వాడిపోతే దేశం పరువు పోతుంది కాబట్టి వాటికి రోజూ ట్యాంకరుతో నీళ్లు పట్టాలని ఆర్డరు వేశారు. ఎంత పట్టాలో రాయలేదు. మొక్క ఎంత తాగితే అంత. ట్యాంకరు తన సెంటర్ దాటుకుంటూ పోయి జెముడు దగ్గర ఆగడం దేవమ్మ రెండు రోజులు చూసింది. మూడోరోజు పొద్దున ఆమె సెంటర్ ముందు ఒక జెముడు మొలిచింది. ఆరడుగుల ఎత్తు, రెండు చేతులు, ఒళ్లంతా నిగనిగ.

ట్యాంకరు సోమయ్య బ్రేకు వేశాడు. "ఇదెంత తాగుతదక్కా?"

"మస్తు దూప మీదున్నది తమ్మీ. ఆ డ్రమ్ములు నింపిపో. అది మెల్లగ తాగుతది."

సోమయ్య రెండిడ్లీ తిని, పుస్తకంలో రెండువేల లీటర్లు రాశాడు. రోజూ అంతే. దేవమ్మ నడుము నిటారైంది. హేమచంద్ర ఆ పుస్తకం చూసి రిపోర్టు తయారుచేశాడు. యుగంధరన్న దాన్ని ఎల్ సెకోకు పంపి, పేపర్లవాళ్లకు చెప్పాడు: "అక్కడి జెముడు ఏడాదికి తాగేది మన జెముడు పొద్దుగాలనే తాగుతది. ఇది వార్డు ప్రజల కష్టం."

హదస్సా వచ్చింది. ప్యాంటు వేసుకున్న మనిషికి ఒడిబియ్యం ఎక్కడ పొయ్యాలని కొంత చర్చ జరిగి, చివరికి ఆమె టోపీలో పోశారు. టోపీ మోస్తూనే ఆమె ఆ జెముడును చూపించమంది. ఊరేగింపు సెంటర్ ముందు ఆగింది. దేవమ్మ గరిటె పక్కన పెట్టేసింది. రేపట్నుంచి మళ్లీ బిందెలే అనుకుంది.

హదస్సా ఒక ముల్లు పీకి చూసింది. చీపురుపుల్ల. వేలు మడిచి జెముడు మీద కొట్టింది. డొల్లగా మోగింది.

ఆమె నవ్వి ఏదో అంది. హేమచంద్ర తెలుగు చేశాడు. "వాళ్ల ఊళ్లోనూ ఇలాంటివున్నాయటండి. సెల్ టవర్లకు జెముడు వేషం వేస్తారట. దీంట్లో సిగ్నల్ ఎంతొస్తుందని అడుగుతున్నారండి."

అందరూ దేవమ్మను చూశారు.

"రోజుకు రెండువేల లీటర్లు," అంది దేవమ్మ.

యుగంధరన్న తొణకలేదు. పసుపు, కుంకుమ తెప్పించి జెముడుకు బొట్టు పెట్టి, పుట్టింటి సారె అని హదస్సాకు అప్పగించాడు.

"మరి నాకేదీ అన్నా?" అంది దేవమ్మ.

"కమిటీ కొత్తది పెట్టిస్తది."

"కొత్తదెందుకు? గల్లీ మొగదల ఇంకా పదకొండు పైపులు పండుకొని ఉన్నయి. జెర వాటిని ఒకదానెన్క ఒకటి పెట్టియ్యిరి."

"రాసుకో," అన్నాడు యుగంధరన్న. హేమచంద్ర రాసుకున్నాడు.

మాట తప్పలేదు. రెండురోజుల్లో పదకొండు పైపులనూ ఒకదానెనుక ఒకటి నిలబెట్టి, ఆకుపచ్చ రంగేసి, చీపురుపుల్లలు గుచ్చి, "ఎల్లక్క వనం" అని రిబ్బను కత్తిరించారు. సోమయ్య ట్యాంకరు ఇప్పుడు ఆ గల్లీలో పదకొండుసార్లు ఆగుతోంది. దేవమ్మ సెంటర్ మూయలేదు. పక్కన ఇంకో బోర్డు పెట్టింది: ఎల్లక్క వాటర్ సప్లై. పక్క గల్లీవాళ్లు బిందెలతో లైన్లో నిలబడుతున్నారు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఒంటె. నా అంగీ తడిసింది మాత్రం నిజం. సోమయ్య ట్యాంకరు గొట్టం కారుతుంది.