పరిమితి పెట్టాల్సింది మనవాళ్ళకే!

దేశవాళీ ఫుట్‌బాల్ లీగుల్లో విదేశీ ఆటగాళ్ళకి పరిమితి పెట్టాలా వద్దా అని టీవీల్లో పెద్దపెద్దవాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. ఎందుకండీ అంత ఆయాసం? పరిమితి పెట్టాల్సింది విదేశీయులకి కాదు, మనవాళ్ళకి! మైదానంలో లోకల్ కుర్రాడు ఒక్కడు కనబడినా జరిమానా వెయ్యాలి.

నవ్వకండి. ఆషామాషీగా అంటున్న మాట కాదిది. దీని వెనక గజపతినగరం ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడు నరసింగరావు అనుభవం ఉంది.

నరసింగరావుది వ్యవసాయ కుటుంబం. వరి, మొక్కజొన్న, వాటికి తోడు బజార్లో ఎరువుల దుకాణం. ఒక ఏడాది ఊరి కుర్రాళ్ళు అడిగితే జాలిపడి జెర్సీలు కొనిపెట్టాడు. ఆ జెర్సీలు ఒక ఉతుకు చూసేలోగా అధ్యక్షుడైపోయాడు. మన దగ్గర క్రీడా పరిపాలకులు ఇలాగే పుడతారు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ళన్నీ కలిసి ఆడుకునే నాగావళి లీగులో ఆ ఏడాది గజపతినగరం ప్రతి మ్యాచీ ఓడిపోయింది. ఓటమినైనా దిగమింగవచ్చు. కానీ ప్రతి ఓటమి తర్వాతా శ్రీకాకుళం క్లబ్ అధ్యక్షుడు ధనరాజ్ ఫోన్ చేసి ఓదార్చేవాడు. "బెంగెట్టుకోకు బావా, మీ కుర్రోళ్ళు ఇంకా సిన్నోళ్ళు కదేటి!" అనేవాడు. అది ఎలా మింగుడుపడుతుంది?

అప్పుడు నరసింగరావు బుర్రలో దీపం వెలిగింది. విత్తనం హైదరాబాదు నుంచి వస్తోంది, ఎరువు ఓడ దిగి వస్తోంది, కోత మిషను పంజాబు నుంచి వస్తోంది. పంట మాత్రం మనదే అంటున్నాం. మరి ఆటగాళ్ళు వస్తే ఏం?

వచ్చారు. మణిపూర్ నుంచి కొందరు, కలకత్తా నుంచి కొందరు, విశాఖపట్నంలో చదువుకుంటున్న ఆఫ్రికా విద్యార్థులు కొందరు. వాళ్ళలో ఘనా దేశస్థుడు క్వామే మధ్యలో నిలబడ్డాడంటే ఆట మొత్తం అతని చుట్టూ తిరిగేది. అందరికీ నరసింగరావు ధాన్యం గోడౌనులో మంచాలు వేయించాడు. తవుడు వాసన ఆరోగ్యానికి మంచిదని కూడా చెప్పాడు.

ఇక చూడండి లాభాలు! జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఊళ్ళో కుర్రాళ్ళ మోకాళ్ళు భద్రంగా ఉన్నాయి. వాళ్ళ బూట్లు అరగలేదు, జెర్సీలకి మట్టి అంటలేదు, తల్లులకి సబ్బు ఖర్చు తప్పింది. టీకొట్ల దగ్గర జాగ్రఫీ పెరిగింది. విజయోత్సవంలో దండ ఎవరి మెళ్ళో వెయ్యాలో, అతని పేరెలా పలకాలో తెలియక, చివరికి అన్ని దండలూ నరసింగరావు మెళ్ళోనే పడేవి. ఇంతకన్నా స్పష్టమైన శుభ పరిణామం ఉంటుందా?

ఇన్ని శుభాల మధ్య ఒక్కడే మొహం ముడుచుకుని కూర్చునేవాడు. అతను నరసింగరావు మేనల్లుడు గిరిబాబు.

గిరిబాబు ఎడమకాలి ఆటగాడు. బజార్లో ఫోన్లు బాగుచేస్తాడు. తెల్లారకముందే క్వామేతో కలిసి కాలేజీ గ్రౌండులో పరుగులు తీస్తాడు. ఈ సాధనలోనే క్వామేకి తెలుగు పట్టుబడింది. వీసా ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడినా, గజపతినగరంలో మాత్రం "ఏటి బావూ, భోంచేసినావా?" అంటాడు. గిరిబాబు మాత్రం మ్యాచిరోజున బెంచీ మీదే. అధ్యక్షుడి మేనల్లుడికి ఆ మాత్రం రిజర్వుడు సీటు ఉండొద్దూ?

ఒకరోజు దుకాణంలో మావని అడిగాడు.

"మావా, ఒక్క పది నిమిషాలు దింపు. సివర్లోనైనా సరే."

"ఒరే, నువ్వు మనోడివి. దింపినా దింపకపోయినా ఎక్కడికీ పోవు. ఆళ్ళని దింపకపోతే ఎల్లిపోతారు. అర్థం సేసుకోవాల."

"అంటే మనోడు కావడమే నా తప్పేటి?"

నరసింగరావు యూరియా బస్తా లెక్క చూస్తున్నట్టు తల తిప్పుకున్నాడు. మర్నాడు గిరిబాబు తల్లి, తనకి పెద్దక్క అయిన జగ్గమ్మ దుకాణం ముందుకొచ్చి నిలబడింది. కొనుగోలుదార్లున్నా ఆమె గొంతు తగ్గించలేదు.

"ఒరే నరసింగా! నా కొడుకుని నీ బెంచీకి కాపలా ఎట్టినావేటి? ఆడి కాలు గట్టిగున్నాదా లేదా నీకెలా తెలుస్తాది? ఏనాడైనా సూసినావా?"

"అక్కా, గెలుపు కావాలా వద్దా?"

"ఎవులి గెలుపురా అది?"

నరసింగరావు ఆవిడకి కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఆవిడ తాగకుండా వెళ్ళిపోయింది. ఆ సీసా చాలాసేపు కౌంటరు మీద అలాగే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే శ్రీకాకుళంలో లీగు సమావేశం పెట్టారు. లీగు పెద్ద జానకిరామయ్య సంగీతం నేర్పి రిటైరైన మాస్టారు. పొద్దున్న గుళ్ళో పాట, సాయంత్రం గ్రౌండులో ఈల ఆయన దినచర్య. ఆయన లేచి, ఇక మీదట ఒక్కో జట్టులో బయటివాళ్ళు ముగ్గురికి మించి మైదానంలో ఉండకూడదని ప్రతిపాదించారు.

అసలు బయటివాడంటే ఎవరు? సభ అక్కడే ఇరుక్కుపోయింది. నాగావళి నదికి అవతలివాడు బయటివాడేనన్నాడొకాయన. మండలం దాటితే చాలన్నాడు ఇంకొకాయన. "మా గోల్‌కీపరు తల్లిది ఒడిస్సా, తండ్రిది మందస. ఆడిని సగం లెక్కెట్టమంటారేటి?" అని సరిహద్దు నుంచి వచ్చిన అధ్యక్షుడు అడిగాడు. ఎవరూ నవ్వలేదు. అధ్యక్షులు సభల్లో నవ్వరు.

నరసింగరావు లేచాడు. విత్తనాల సిద్ధాంతమంతా విప్పాడు. "ఇత్తనం ఎక్కడిదైతే ఏటండి, పంట మనది కాదేటి?" అని ముగించాడు.

జానకిరామయ్య మెల్లగా అన్నారు: "నిజమేనయ్యా. కానీ ఆ హైబ్రిడ్ పంట గింజ దాచుకుని మళ్ళీ వేస్తే అదే పంట వస్తుందా? ఏటేటా కొనుక్కోవాల్సిందే కదా? ఆ దుకాణం నడిపేవాడివి, నీకు నేను చెప్పాలా?"

నరసింగరావుకి చురుక్కుమంది. కానీ చప్పట్లు తన మాటలకే ఎక్కువ పడ్డాయి. చేతులెత్తితే ప్రతిపాదన ఓడిపోయింది. ఎవరైనా, ఎక్కడి నుంచైనా, ఎంతమందినైనా, ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు! నరసింగరావుకి అందరికన్నా ముందు చెయ్యెత్తి మద్దతిచ్చినవాడు ధనరాజ్. బయటికొచ్చాక కౌగిలించుకున్నాడు కూడా.

ఆ కౌగిలికి అర్థం ఫైనల్ వారంలో తెలిసింది. ఫైనల్లో శ్రీకాకుళంతోనే ఆట. ఒక ఉదయం నరసింగరావు గోడౌనుకి వెళ్ళేసరికి మంచాలన్నీ ఖాళీ. క్వామే ఒక్కడే సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అందరూ ఎల్లిపోనారు మావా. ధనరాజ్ గారి కల్యాణమండపంలో ఏసీ గదులిచ్చినారు. నానూ ఎల్తన్నాను. సెప్పకుండా ఎల్తే బాగోదని ఉన్నాను."

"ఒరే, నువ్వు కూడానా!"

"కోపం వద్దు మావా. ఎక్కడోడైనా, ఎక్కడైనా ఆడొచ్చని మీటింగులో నువ్వే సెప్పినావు కదేటి?"

నరసింగరావు ఆ మంచం మీదే కూలబడ్డాడు. తన జట్టు తన మీదే ఆడబోతోంది! ఆ విజయం కూడా ఒక రకంగా తనదేనా? కాదనిపించింది. లేచి అక్క ఇంటికి నడిచాడు.

జగ్గమ్మ గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది. తమ్ముణ్ణి చూసి కూడా చేట ఆపలేదు.

"ఏటి, బెంచీ మీద దుమ్ము పడిందేటి?"

"అక్కా, ఆడిని పిలు."

గిరిబాబు బయటికొచ్చాడు. ఎరువు అప్పు అడగడానికొచ్చే రైతు ఎలా నిలబడతాడో నరసింగరావుకి తెలుసు. ఇప్పుడు తనే అలా నిలబడ్డాడు.

"ఆడాలిరా. మీరే ఆడాలి."

"ఆడతాం మావా. కానీ గెలుస్తామని సెప్పలేం. ఇన్నాళ్ళూ మాకు ఆటెక్కడిదీ?"

"ఓడిపోతే ఓడిపోదురు గానీ, రండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని నరసింగరావుకే ఆశ్చర్యమేసింది.

మందుల షాపు కుర్రాడు, ఆటో తోలేవాళ్ళు, డిగ్రీ చదివేవాళ్ళు, అందరూ కలిసి జట్టయ్యారు. వీళ్ళతోబాటు ఊరు సగం ఆటోల్లో, వ్యానుల్లో శ్రీకాకుళం చేరింది. ఆట మొదలైంది. కాసేపటికే క్వామే గోల్ కొట్టాడు. గజపతినగరం జనమంతా లేచి చప్పట్లు కొట్టేశారు! నరసింగరావైతే ఈల కూడా వేశాడు. పాతలవాటు. పక్కనున్న జగ్గమ్మ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

తర్వాత గోల్స్ వరసగా పడ్డాయి. ఎన్నని చెప్పి ఊరి పరువు తియ్యడం ఎందుకు? అవతల శ్రీకాకుళం కుర్రాళ్ళు కొత్త జెర్సీలు వేసుకుని బుద్ధిగా బెంచీ మీద కూర్చున్నారు. ఇన్నాళ్ళూ గిరిబాబు కూర్చున్నట్టే.

ఆట ముగుస్తుందనగా బంతి క్వామే కాలికి వచ్చింది. క్వామే ఎటు తిరుగుతాడో ప్రపంచంలో ఒక్కడికే తెలుసు. పొద్దుటే అతనితో పరిగెత్తే గిరిబాబుకి. ముందే అక్కడికి చేరి, బంతి లాక్కుని, ఎడమవైపు నుంచి దూసుకుపోయాడు. వెనకాల క్వామే, వాడి వెనకాల మణిపూర్, కలకత్తా. ఎడమకాలితో ఒక్కటిచ్చాడు. బంతి స్తంభానికి కొట్టుకుని, గోల్‌కీపరు వీపుకి తగిలి, తీరిగ్గా లోపలికి దొర్లింది.

ఆ కేకలు మీరు వినాల్సింది! జట్టు వరసగా గెలిచిన రోజుల్లో కూడా ఊరు అలా అరవలేదు. నరసింగరావుకి గీత దాటినట్టే తెలియలేదు. తెలిసేసరికి మైదానం మధ్యలో రిఫరీని వాటేసుకుని ఉన్నాడు. "మా మేనల్లుడండీ! మావోడండీ!" అంటున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. రిఫరీ పసుపు కార్డు చూపించాడు. ఆయన దాన్ని అభినందన పత్రం అనుకుని జేబులో పెట్టుకోబోయాడు.

ఓడిపోయారు. కప్పు ధనరాజ్ ఎత్తుకున్నాడు. దండలన్నీ ఆయన మెళ్ళోనే పడ్డాయి. గజపతినగరం వ్యాను బయల్దేరుతుంటే క్వామే సంచీతో పరిగెత్తుకొచ్చాడు.

"మావా, నన్నూ ఎక్కించుకో. ఏసీ గదిలో పలకరించినోడు లేడు."

గిరిబాబు చెయ్యందించి పైకి లాగాడు. "ఎక్కరా! మా గోల్‌కి బంతి ఇచ్చినోడివి నువ్వే!"

ఇక ఆనాటి నుంచి గజపతినగరానికి పట్టిన కష్టాలు చెప్పనలవి కాదు. పొద్దున్నే పిల్లలు, ఆడపిల్లలతో సహా, గ్రౌండు నిండా బంతులు. క్వామే నేర్పడం, గిరిబాబు అరవడం. బూట్లు అరుగుతున్నాయి, మోకాళ్ళు గీరుకుంటున్నాయి, సబ్బు ఖర్చు పెరిగిపోయింది. టీకొట్టు దగ్గర జాగ్రఫీ మాట్లాడే నాథుడు లేడు. ముందే చెప్పలేదూ, మనవాళ్ళకి పరిమితి పెట్టకపోతే ఇలాగే ఉంటుందని!

మరుసటి ఏడాది లీగు సమావేశంలో నరసింగరావే లేచి, బయటివాళ్ళు ముగ్గురే ఉండాలని ప్రతిపాదించాడు. జానకిరామయ్య కళ్ళజోడు సర్దుకున్నారు. ధనరాజ్ ఊరుకుంటాడా?

"మరి మీ క్వామే సంగతేటి బావా? ఆడు బయటోడు కాడేటి?"

"రూలు రూలే. ముగ్గుర్లో ఒకడిగా ఆడినీ లెక్కెట్టండి. కానీ నన్నడిగితే ఆట కాడ అసలు బయటోడిని నాను. ఇన్నేళ్ళు పెసిడెంటుగా ఉన్నాను, ఆఫ్‌సైడంటే ఏటో ఇప్పటికీ తెలీదు. మీలో ఎవులికైనా తెలిస్తే సెప్పండి!"

గదిలో ఉన్న అధ్యక్షులందరూ ఒక్కసారిగా ఫ్యాను వంక చూశారు.

ఆటగాళ్ళ పరిమితి ఏకగ్రీవంగా నెగ్గింది. అప్పుడు జానకిరామయ్య నెమ్మదిగా, "అయితే, ఆట తెలియని అధ్యక్షులకి కూడా ఒక పరిమితి పెడదామా? ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి," అన్నారు.

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నరసింగరావుది మాత్రం సగం దాకా లేచి, కాసేపు తల గోక్కుని, కిందికి దిగిపోయింది.