దశాంగుళ క్రాపీ విజయము

ప్రచండ మార్తాండుడు తారురోడ్డును మరిగించి చెప్పుల అడుగున అంటించు జులై మాసమున, కెంటకీ సీమయందు, మూడు కౌంటీల వాననీటినీ మూడు వందల మంది మగవాళ్ల గొప్పలనూ సమభావంతో భరించు కాపర్‌ఫోర్క్ సరోవర మధ్యమున, శనివారం పొద్దున ఆరున్నరకు, పదహారడుగుల అల్యూమినియం నౌకారాజమును అధిష్ఠించి, వెర్లన్ టాకెట్ అను మహావీరుడు క్రాపీ మీనముపై దండెత్తెను. ఆ వీరుని ఎరబక్కెట్‌లోకి రెండు డజన్ల చేపపిల్లలను లెక్కపెట్టి పోసినవాణ్ణి నేనే. రేవు పక్క ఎర దుకాణం నాది. కనుక ఈ గాథ చెప్పే అర్హత నాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

ఈ సంగ్రామం సింహాసనం కోసం జరిగింది కాదు. ఆ పడవ కోసమే జరిగింది. తొమ్మిదేళ్లుగా అది గ్యారేజీలో టార్పాలిన్ కప్పుకొని సుఖనిద్ర పోతూ ఉంటే, వెర్లన్ ధర్మపత్ని నాడీన్ కారు వాకిట్లో వడగళ్లు తింటోంది. వసంతంలో క్రాపీలు ఒడ్డుకొస్తాయి, అప్పుడు పసిపిల్లలు కూడా పట్టగలరు. ఎండలు ముదిరాక అవి లోతుకు దిగిపోతాయి, అక్కడ పట్టడానికి మనిషి కావాలి. ఆ మనిషి తానేనని వెర్లన్ ఇరవై ఏళ్లుగా చెబుతున్నాడు. ఈ వేసవిలో మాత్రం ఇంటికి కథలే తెచ్చాడు. అందుకే నాడీన్ సంధి షరతు విధించింది: మధ్యాహ్నం పన్నెండు లోపల, తన కళ్లముందు, ఒక్క క్రాపీ పట్టాలి. సరస్సు నియమం ప్రకారం ఇంటికి తెచ్చుకోదగ్గ పది అంగుళాలది. లేకపోతే సోమవారం నాటికి పడవ మెడలో అమ్మకం బోర్డు పడుతుంది.

అందుకు మన వీరుడు, "ఓసీ సాధ్వీ, అగాధ జలాంతర్గత దుర్గనివాసియైన ఆ రజతకవచధారిని నీ పాదపీఠి ముందు పడవేయనిచో నా బాహువులు బాహువులు కావు, నా గాలము గాలము కాదు" అని ఘోరప్రతిజ్ఞ చేశాడు. నోటితో అన్న మాట మాత్రం, "పడుద్దిలే, చూస్తావుగా."

పడవ ముందుభాగాన, ఒళ్లో కొలతపలకతో, న్యాయమూర్తిగా నాడీన్ కూర్చుంది. చేప తోక రెండు కొసలనూ దగ్గరికి నొక్కి, కొలతలో పావు అంగుళం ఎక్కువ సంపాదించడం ఇక్కడ గాలం పట్టే ప్రతివాడికీ అలవాటే. సరస్సు చట్టం కూడా దానికి ఒప్పుకుంటుంది. నాడీన్ ఏనాడూ ఒప్పుకోలేదు. దాని పేరు దొంగకొలత అంటుంది.

వెర్లన్‌కు ఒక రహస్య దుర్గం ఉంది. ఏటా జనవరిలో ఇంట్లోని క్రిస్మస్ చెట్టును సిమెంటు దిమ్మెకు కట్టి ఇరవై రెండడుగుల లోతున ముంచుతాడు. వేసవిలో ఆ కొమ్మల నీడకు క్రాపీలు చేరతాయి. ఈ ఊళ్లో అందరూ ఈ పనే చేస్తారు, ఎక్కడ ముంచారో పాస్టరుకు కూడా చెప్పరు. నీళ్లట్యాంకు భుజమూ చర్చి శిఖరమూ ఒకే వరుసలోకి వచ్చినచోట వెర్లన్ లంగరు వేశాడు. ఈ ఏడు చెట్టు ముంచేటప్పుడు టీవీలో ఫుట్‌బాల్ మొదలవబోతోందని, చెట్టు మీద ఏముందో చూడకుండా నీళ్లలోకి తోసి ఇంటికి పరిగెత్తాడు. ఆ తొందర కాస్త గుర్తుంచుకోండి.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. నాడీన్‌కు వాళ్లమ్మ ఇచ్చిన ఎర్రగాజు పిట్ట ఒకటి ఉండేది, ఏటా క్రిస్మస్ చెట్టుకు వేలాడేది. మొన్నటి పండగ తర్వాత అది కనిపించలేదు. పండగనాడు భోజనానికి వచ్చిన వెర్లన్ చెల్లెలు లోరీన్ ఆ పిట్టను రెండుసార్లు మెచ్చుకుంది. లోరీనే కాజేసిందనడానికి నాడీన్‌కు ఆ సాక్ష్యం చాలింది. కంచెకు అటు పక్కింట్లో లోరీన్, ఇటు నాడీన్, మధ్య ఏడు నెలలుగా మాటల్లేవు. ఫిబ్రవరిలో లోరీన్ కంచె గుంజ మీద చిక్కుడుగింజల కూర గిన్నె పెట్టి వెళితే, నాడీన్ మూత తీయకుండానే తిప్పి పంపింది. ఈ యుద్ధంలో వెర్లన్ మహా ధైర్యంగా ఏ పక్షమూ వహించలేదు.

ఇక రణం. దారం కొసన సీసపు గుండు, దానిపైన ఒకటి, ఇంకాస్త పైన ఇంకొకటి, రెండు కొక్కేలు. క్రాపీ మహారాజు పైకే చూస్తాడు, తన కంటికి కింద ఉన్న ఆహారాన్ని కన్నెత్తి చూడడు. అందుకని వెర్లన్ గుండును సరస్సు అడుగుకు తాకించి, దారం చుట్టే చక్రాన్ని రెండు చుట్లు పైకి తిప్పి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది గంటలు దొర్లాయి. చేపపిల్లలు ఒక్కొక్కటే వీరస్వర్గం చేరాయి. తొమ్మిదింబావుకు గాలం కర్ర కొస వంగింది. వీరరసం పొంగి వెర్లన్ దిక్కులు పిక్కటిల్లేలా లాగాడు. కొక్కెం ఖాళీగా పైకొచ్చి టోపీకి గుచ్చుకుంది.

"దాని మూతి కాయితమంత పల్చన, గుంజితే చిరిగిపోద్ది," అంది నాడీన్. "ముప్పై ఏళ్ల నుంచి ఈ ముక్క నాకు చెప్పేది నువ్వేగా."

ఆ తర్వాత అరచేయంత సన్‌ఫిష్ అనే వేరే జాతి చేప ఒకటి పడింది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పదిన్నరకు బొలోనీ మాంసం శాండ్‌విచ్‌లు తిన్నారు. గ్యారేజీలో కారు పెట్టాక మిగిలే గోడకు అరలు కొట్టించాలని నాడీన్ అప్పటికే మనసులో కొలతలు వేస్తోంది. వెర్లన్ మెడ ఎండకు కమిలింది, నీళ్లు అద్దంలా నిలిచాయి. బక్కెట్‌లో రెండే ప్రాణాలు మిగిలాయి.

పన్నెండుకు పద్దెనిమిది నిమిషాలుందనగా దారం లాగలేదు, ఊగలేదు, ఊరికే బరువెక్కింది. ఈసారి వెర్లన్ గుంజలేదు. నిద్రపోతున్న బిడ్డ కింద నుంచి చెయ్యి తీసుకున్నట్టు మెల్లగా ఎత్తాడు. ఆరడుగుల లోతున వెండిరంగు ఒళ్లు మెరిసింది. పై కొక్కేనికి క్రాపీ. దాని కింద, రెండో కొక్కేనికి, వేలాడదీసే రాగితీగ ఉంగరం చిక్కుకొని, ఎర్రగా ఏదో ఊగుతోంది.

అదేమిటో వెర్లన్‌కు వెంటనే తెలిసింది. జనవరి, ఫుట్‌బాల్, చెట్టు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. దిక్పాలకులు ముక్కుమీద వేలేసుకున్న ఆ క్షణంలో వీరుని ముందు రెండు మార్గాలు నిలిచాయి. ఒక్క గుంజు గుంజితే మూతి చిరుగుతుంది, తీగ తెగుతుంది, చేపా పిట్టా రెండూ పాతాళం చేరతాయి. పడవ పోతుంది, పరువు మాత్రం నిలుస్తుంది. మెల్లగా ఎత్తితే పడవ నిలుస్తుంది, మిగిలిందంతా పోతుంది.

"కింద ఆ ఎర్రటిదేంటి?" అంది నాడీన్, వల పట్టుకొని వంగుతూ.

వెర్లన్‌కు కంచె గుంజ మీద మూత తీయని ఆ గిన్నె గుర్తొచ్చింది. ఏడు నెలలు నోరు మెదపని తన చెల్లెలు గుర్తొచ్చింది. సిగ్గేసింది. నిజమైన సిగ్గు. అతడు మెల్లగా ఎత్తాడు.

నాడీన్ వలలోంచి ముందు పిట్టను తీసింది. పైట లేని సీమ కనుక చొక్కా అంచుతో బురద తుడిచింది. రెక్కా తోకా చెక్కుచెదరలేదు. "మా అమ్మది," అంది.

"చెట్టు ముంచినప్పుడు చూసుకోలా," అన్నాడు వెర్లన్. "తప్పు నాది."

"ఏడు నెలలు, వెర్లన్. ఆ పిల్లని దొంగనుకున్నా."

చేప కొలతపలక మీదికి వచ్చింది. మూతి సున్నాకు ఆనింది, తోక ఎక్కడికి వచ్చిందో వెర్లనే చదివాడు. "తొమ్మిదీ ముప్పావు." అంగుళం కలపకుండా అతడు చేపను చదవడం ఈ జన్మలో అదే మొదటిసారి.

నాడీన్ అతడి వంక చూసింది. తర్వాత రెండు వేళ్లతో, ముప్పై ఏళ్లుగా దొంగకొలత అని తిట్టిన ఆ పద్ధతిలోనే, తోక కొసలను దగ్గరికి నొక్కింది. తోక గీతను తాకింది.

"పది," అంది. "పడవ ఉండనీ. ఇంజిన్ స్టార్ట్ చెయ్, లోరీన్ దగ్గరికి పోదాం. జరిగింది నువ్వు చెప్పు. క్షమించమని నేనడుగుతా."

ఇట్లు కాపర్‌ఫోర్క్ మహాసంగ్రామమున ఇరవై రెండు ఎరచేపలు నేలకొరగగా, ఒక టోపీ గాయపడగా, ఒక పడవ గ్యారేజీలోని స్వస్థానమును నిలుపుకొనగా, వెర్లన్ టాకెట్ దశాంగుళ విజయుడని నా దుకాణం గోడ మీది సుద్దపలక ఘోషించెను. ఆ సాయంత్రం లోరీన్ వంటింట్లో చేపకు రెండే ముక్కలు వచ్చాయి. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించి ఒకటి లోరీన్‌కు, ఒకటి నాడీన్‌కు వడ్డించారు. విజేతకు వేయించిన తోక మిగిలింది. తన పడవను కాపాడిన పావు అంగుళం అందులోనే ఉంది గనక, అతడు కిక్కురుమనకుండా కరకరా నమిలాడు.