రెండు తెల్ల బండ్లు

శనివారం పొద్దున యేసన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు లోపల ఏదో ఒక పాత బండి తేల్చుకోవాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినాలి. పశువుల ఆసుపత్రిలో అటెండరుగా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో అయిదు లక్షలు మిగిలాయి. ఇంట్లో మనుషులు ఏడుగురు. పైగా భార్య సారాకు వెన్ను ఆపరేషన్ అయింది. బస్సెక్కితే నాలుగు రోజులు మంచం దిగదు. అందుకే ఏడు సీట్ల పెద్ద బండి, అదీ సెకండ్ హ్యాండ్‌ది.

బ్రోకరు వీరేష్ రెండు చూపించాడు. రెండూ తెల్లవే. ఒకటి తక్కువ తిరిగింది, ధర ఎక్కువ. రెండోది ఊళ్ళన్నీ తిరిగింది గానీ సీట్లు మెత్తన.

"రెండూ ఒకే గుంతల దారిలో తిప్పుదామన్నా. వదిన సగం దూరం దీంట్లో, సగం దూరం దాంట్లో కూచోనీ. యాది మంచిదో నడుమే చెప్తాది," అన్నాడు వీరేష్.

ఆలోచన బాగానే ఉంది. కానీ అనంతపురం జిల్లాలో వాన లేని ఏడాది, ఒకదాని వెనక ఒకటి రెండు తెల్ల బండ్లు మట్టిరోడ్డు పట్టాయంటే దానికి ఒకటే అర్థం: పంట నష్టం రాసుకునే సర్కారు టీము వచ్చిందని. ఆ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

బుక్కరాయసముద్రం దాటి పది కిలోమీటర్లు పోయాక, సారా బండి మారడానికి ఒక ఊరి చేల దగ్గర ఆగారు. ఆయిల్ కారుతోందేమోనని యేసన్న బండి కిందకు వంగి మట్టిని వేళ్ళతో నలిపి చూశాడు. గట్టు మీదున్న ఎర్రప్ప అనే రైతుకు అది చాలు. "కరువు సార్లు వచ్చినారు. భూమిలో తడి చూస్తాండారు, రాండప్పా," అని ఊళ్ళోకి ఫోన్ చేశాడు.

పావుగంటలో అరవై మంది పోగయ్యారు. ఒక్కొక్కరి చేతిలో ఎండిపోయిన శెనక్కాయ చెట్టు.

"మేం బండ్లు చూసేకి వచ్చినామన్నా," అన్నాడు యేసన్న.

"పోయినేడు వచ్చినోళ్ళు గూడా బండే చూసుకున్యారు సార్, చేను చూడల్యా," అన్నాడు ఎర్రప్ప.

యేసన్న మూడుసార్లు చెప్పాడు. చెప్పినకొద్దీ, డాబు లేని ఆఫీసరని ఆయన మీద గౌరవం పెరిగింది. నల్లకళ్ళద్దాలతో వీరేష్ సర్దిచెప్పబోతే, పెద్దసారు ఈయనేనని అతని మెడలో కొత్త టవల్ వేశారు. బయమ్మ అనే ముసలామె ఏకంగా బండి చక్రం ముందు కూర్చుంది.

"పేరు రాస్తేనే లేస్తా నాయనా," అంది.

సారా ఆమె చేతిలోని చెట్టు తీసుకుని వేర్లు దులిపింది. ఒక్క కాయ లేదు. సారాకు ఏడుపు ఆగలేదు. ధరల కాగితం వెనక పేర్లు రాయడం మొదలుపెట్టింది. అరవై రెండు పేర్లు, ఎవరికి ఎన్నెకరాలు పోయాయో రాసింది. ఊరు మజ్జిగ పోసి మరీ సాగనంపింది.

సోమవారం వీరేష్ ఫోన్ చేశాడు, బేరం గురించి కాదు.

"అన్నా, అసలు టీము అదే దినం మధ్యాన్నం పోయినారంట. మా పేర్లు రాయడం అయిపోయిందని ఊరోళ్ళు కూలికి పోయింటిరంట. నష్టం చెప్పేవాళ్ళెవరూ లేరని రాసుకొని టీమోళ్ళు ఎళ్ళిపోయినారంట."

యేసన్న ఆ పేర్ల కాగితం పట్టుకుని మండలాఫీసుకు పరిగెత్తాడు. గడువు అయిపోయిందన్నారు.

"ఊరోళ్ళకు పోయి చెప్పాల," అంది సారా. "బస్సులో పోదాం. తెల్ల బండ్లో పోతే మళ్ళా సార్లే అని నమ్ముతారు."

దారి పొడుగునా ఆమె పళ్ళబిగువున నొప్పి ఓర్చుకుంది. చేలో ఎర్రప్ప ఒక్కడే ఉన్నాడు. యేసన్న జరిగిందంతా చెప్పి తల వంచుకున్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది.

ఎర్రప్ప తిట్టలేదు.

"మధ్యాన్నం వచ్చిన బండ్లు నేనూ చూసినానన్నా. వాళ్ళు అద్దం గూడా దించల్యా. ఈయమ్మ దిగి, చెట్టు పట్టుకొని ఏడ్సింది. మీరే నిజమైనోళ్ళు, వాళ్ళు యాడో దారి తప్పినోళ్ళు అనుకుంటి."

సారా కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో దాచుకున్నాడు, ఎందుకో ఆయనకూ తెలియదు.

తిరుగు బస్సు కోసం దంపతులిద్దరూ గంటసేపు రోడ్డు మీద నిలబడ్డారు. కూలి నుంచి వస్తున్న జనం వాళ్ళను దాటుకుంటూ పోయారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు ఆ జిల్లాలో ఎవరూ చేను చూపించరు.