ఏడు నిమిషాల దొంగతనం

శుక్రవారం పొద్దున కల్పలత ఆఫీసుకు అరగంట ముందే వచ్చింది. మల్కాజ్‌గిరి బస్సులో సీటు కూడా దొరికింది కాబట్టి రోజు బాగుంటుందనే అనుకుంది. మెట్టుగూడ దగ్గరి ఆ మందుల గోడౌన్‌లో ఒక నియమం ఉంది. ఒక నెలలో ఇరవై నాలుగు గంటలు అదనంగా పనిచేస్తే మూడు రోజుల సెలవు. నెల దాటిందంటే మళ్లీ సున్నా నుంచి మొదలు. నిన్నటికి ఆమె లెక్క ఇరవై మూడు గంటల నలభై నిమిషాలు. ఈ అరగంటతో గట్టెక్కుతుంది. ముప్పయ్యో తేదీ, సోమవారం, తల్లి దేవమ్మకు కంటి ఆపరేషన్. దేవమ్మకు చీకటంటే భయం. కంటికి కట్టు కట్టాక చెయ్యి పట్టుకోవడానికి కూతురు పక్కన ఉంటేనే వస్తానంది.

అందరి గంటలూ కంప్యూటర్‌లో ఎక్కించేది కల్పలతే. వాచ్‌మన్ భద్రయ్య గేటు దగ్గర రిజిస్టరులో రాసిన వేళలు చూసి ఆమె కొడుతుంది, సిస్టమ్ కూడుతుంది. సిస్టమ్ ఏం చూపిస్తే అదే మేనేజర్ దయాకర్‌కు వేదం. ఆమె ముప్పై నిమిషాలు కొట్టింది. మొత్తం దగ్గర 00:10 అని వచ్చింది.

"పది నిమిషాలకు మూడు దినాల సెలవా?" అన్నాడు దయాకర్.

"సార్, నిన్న ఇరవై మూడు నలభై ఉండె. మీరే చూసిన్రు."

"మరి అది ఏడికి పోయింది? కొట్టేది నువ్వే, తీసేది నువ్వే. నాకైతే డౌటొస్తుంది."

ఆ ఆఫీసులో ఫ్యాను తిరగకపోయినా అనుమానం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సిస్టమ్ తయారుచేసిన హుజైఫాకు కబురు పెట్టారు. అతను శనివారం నేరేడ్‌మెట్ నుంచి తీరిగ్గా వచ్చి, ఒక్క నిమిషం చూసి నవ్వాడు.

"మేడమ్, ఇది రైల్వే గడియారం లెక్కనే. ఇరవై నాలుగు కాంగనే మళ్ల సున్నాకొస్తది. ఒక్క మనిషి నెలకు గంత ఎక్స్‌ట్రా చేస్తదని నాకెవరు చెప్పిన్రు? పరేషాన్ గాకండి, అన్నీ నిమిషాల్లోకి మారుస్తా."

మార్చాడు, టీ తాగాడు, వెళ్లిపోయాడు. ఇప్పుడామె లెక్క 1450. పైన మాత్రం 'మొత్తం గంటలు' అనే పాత పేరు అలాగే ఉండిపోయింది.

"నెలంతా నిద్రపోకుండ కూసున్నా ఏడొందల ఇరవై గంటలే గదమ్మా," అన్నాడు దయాకర్. "పద్నాలుగొందల యాభై ఎట్ల చేసినవ్?"

"అవి నిమిషాలు సార్."

"గంటలని రాసుంది. నాకు చదువొస్తది."

ఆయన అప్పటికప్పుడే హెడ్డాఫీసుకు రాసేశాడు. సోమవారం పది గంటలకు విచారణ, కల్పలత తప్పక హాజరు కావాలి అని జవాబొచ్చింది. ఆదివారం ఆమె తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, రేపు పక్కింటి మహమూదక్క వస్తది నీ తోటి."

"ఆమె మంచిదే బిడ్డా. కని నీ చెయ్యి వేరు గద."

కల్పలతకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. సంగతి తెలిసి హుజైఫా ఆ పూటే తన ఇంట్లో కూర్చుని నిమిషాలను మళ్లీ గంటల్లోకి మార్చాడు. సోమవారం తెర మీద 24.17 అని ఉంది. భద్రయ్య రిజిస్టరుతో వచ్చి నిలబడ్డాడు.

"ఇరవై నాలుగు గంటల పది నిమిషాలు సార్. మూడుసార్లు కూడిన."

"రిజిస్టర్ల పది, సిస్టమ్ల పదిహేడు," అన్నాడు దయాకర్. "అంటే ఏడు నిమిషాలు కొట్టేసినవ్."

"సార్, అది గంటను వంద భాగాలు జేసిన లెక్క," అంది కల్పలత. "అరవైల పది అంటే వందల పదిహేడు."

"గంటకు వంద నిమిషాలు ఎప్పటి సంది?"

ఆ ఏడు నిమిషాల మీద సాయంత్రం దాకా విచారణ జరిగింది. మధ్యలో మహమూదా పంపిన మెసేజీని కల్పలత బల్ల కింద దొంగతనంగా చదువుకుంది. 'ఆపరేషన్ అయింది. నేనే నువ్వనుకొని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను గాదని చెప్పలే.'

మంగళవారం హుజైఫా వచ్చి కాగితం మీద గంటసేపు గీసి చూపిస్తే దయాకర్‌కు విషయం అర్థమైంది. అర్థమైనందుకు తన మీద తనకే ముచ్చటేసింది.

"తప్పు నీది గాదమ్మా. నీ గంటలు కరెక్టే. సెలవు తీస్కో."

"సార్, ఇయ్యాల ఒకటో తారీకు."

దయాకర్ తెర వైపు చూశాడు. ఆమె పేరు పక్కన సున్నా ఉంది.

"అవునుగద. రూల్ రూలే మరి. మళ్ల షురూ చెయ్యి. అన్నట్టు, ఈ విచారణ పనికి నేను ఇయ్యాల రెండు గంటలు ముందొచ్చిన. అవి ఎక్కించు."

"నేను సుత మీ తోటే వచ్చిన సార్."

"నీది విచారణమ్మా, పని గాదు."

కల్పలత ఆయన పేరు పక్కన రెండు గంటలు కొట్టింది. సిస్టమ్ 2.00 అని చూపించింది. ఆ లెక్క మీద ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.