తరతరాల జలసేవ

ఓబుళేసు ఊరికి ట్యాంకరు రాకపోవడానికి కారణం కరువు కాదు, మంత్రిగారి కొడుకు. ఇందులో వాదన లేదు.

రెండు వేల తొమ్మిది ఎండాకాలంలో, అనంతపురంలో మంత్రి నారాయణప్పగారు ‘తరతరాల జలసేవ’ ప్రకటించారు. ఇకమీదట నీళ్ల ట్యాంకరు ఏ ఊరికి పోవాలో కంప్యూటరే చెబుతుంది. ఒక యంత్రం మీద భారం పెరిగితే, నడుస్తున్న ప్రోగ్రాం ఆగకుండానే పక్క యంత్రంలోకి దూకుతుంది. ఇంతకన్నా ప్రజాసేవ ఏముంటుంది? పెండ్లాం పోయాక బిందె మోయడం నేర్చుకున్న ఓబుళేసును లబ్ధిదారుడని ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆయన ఊరి ట్యాంకరు నీళ్లు నింపుకొని గేటు బయట నిలబడి ఉంది. కంప్యూటరు సరేనంటే కదులుతుంది.

యంత్రాలు రెండు రకాలు. పాతవి నారాయణప్పగారు మొదటిసారి మంత్రి అయినప్పుడు కొన్నవి. కొత్తవి కొడుకు హర్ష ఏరి తెప్పించినవి.

“సార్, ప్రాసెసర్లు వేరే వేరే తరాలవి,” అంది ఇంజనీరు ప్రసూన. “కలిసి పనిచేయాలంటే, కొత్తవి తమ కొత్త విద్యలు తెలీనట్టే ఉండాల. ఆ సెట్టింగు పెట్టినాను.”

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. “నేను ఇంట్లో మొత్తుకుంటాండేది ఇదేమ్మా! విన్నావేమిరా?”

“నోరు కుట్టేదానికా కొత్తవి తెప్పించింది?” అన్నాడు హర్ష. “తీసేయ్ మేడం ఆ సెట్టింగు.”

“తీస్తే పాతదాంట్లోకి దూకదు సార్.”

“దూకకుంటే పాతది పీకి పారేయండి.”

“పీకు, చూస్తా!” అన్నారు మంత్రిగారు. “ఎవురి సీటు ఎవురు పీకేది?”

అప్పటికి యంత్రాల గురించి మాట్లాడుతున్నది ప్రసూన ఒక్కతే.

సెట్టింగు తీసేశారు. కొత్తదాంట్లో నడుస్తున్న ప్రోగ్రాంను పాతదాంట్లోకి దూకించే బటను మంత్రిగారు పంతం కొద్దీ నొక్కారు. ప్రోగ్రాం కదల్లేదు.

“నా పక్కకు రానంటాదా? ఆపి, పాతదాంట్లో లేపండి!”

లేపారు. ఆపడంతో జ్ఞాపకం పోయి, పొద్దుటి నుంచి నీళ్లడిగిన ఊర్ల పేర్లన్నీ తెర మీద నుంచి మాయమయ్యాయి. ఒక్క వరుస మిగిలింది. నీళ్లు కావలసిన ఊర్లు: సున్నా.

హర్ష ముందుగా తేరుకున్నాడు.

“నాయనా! కరువు పాయె!”

తండ్రీకొడుకులు కౌగిలించుకున్నారు. రెండు తరాలు కలిశాయి. చప్పట్లకు పైకప్పు అదిరింది.

“సామీ, మా ట్యాంకరు?” అన్నాడు ఓబుళేసు.

“ఇంకెందుకప్పా? ఆడ తెర చూడు,” అన్నారు మంత్రిగారు.

“ఈడ నా బిందె చూడు సామీ.”

“బిందెకు ప్రాసెసరు ఉండాదా?” అన్నాడు హర్ష. విలేకరులు కూడా నవ్వారు.

మంత్రిగారి కార్లకు దుమ్ము తగలకుండా, ఆ ట్యాంకరు రోడ్డు తడుపుతూ ముందు పోయింది. ఓబుళేసు ఆ తడిలోనే బస్టాండు దాకా నడిచాడు.

ఊర్లో వరుసగా ఖాళీ బిందెలు. వాటి పక్కన కూర్చున్న షాహిదా లేచి నిలబడింది.

“యాడ మామా ట్యాంకరు?”

ఓబుళేసు తన బిందెను వరుస చివర పెట్టాడు.

“కరువు పాయెనంట.”

“ఎవురు చెప్పినారు?”

“ఇంగ అడగొద్దు. చచ్చేదాకా ఆ కంప్యూటరు మాట ఎత్తను.”