ఇరవై ఒక్క ఈతగింజలు

ఒక పెద్ద అడవిలో, వాగుకు ఇవతల, జంతువులన్నీ కలిసి ఒక సభ పెట్టుకున్నాయి.

సభకు అధ్యక్షుడు అడవిదున్న. బరువుగా ఉంటాడని ఎన్నుకున్నారు. కార్యదర్శి ఉడుము. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఒకరోజు వచ్చి సభబండను పట్టుకున్నాడు, అంతే. ఆరోగ్యశాఖ నెమలికి ఇచ్చారు. చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటాడు కదా అన్నారు.

ఒక ఏడాది వాగుకు అవతలి అడవిలో ఎర్రగొంతు జబ్బు పుట్టింది. ముందు గొంతు ఎర్రబడుతుంది. తర్వాత మాట పడిపోతుంది. నాలుగో రోజుకు ప్రాణం పోతుంది.

దానికి మందు తెలిసినవాళ్ళు ముంగిసలు. పాముతో పోట్లాడి వచ్చి ఏ ఆకు నమలాలో వాళ్ళకు చిన్నప్పుడే నేర్పుతారు. సాయం పంపమని అవతల నుంచి కబురొచ్చింది. పంపితే జబ్బు అక్కడే ఆగిపోతుందని దున్న అన్నాడు. అందరూ తోకలూపారు.

నలుగురు ముంగిసలు ముందుకొచ్చారు. వాళ్ళలో ఒకతె నూకాలు కూతురు పైడి.

పంపేరోజు వడ్రంగిపిట్ట చెట్టు మీద దరువు వేసింది. నెమలి పురి విప్పి, "వీళ్ళు మన అడవి బిడ్డలు" అన్నాడు. నూకాలుకు ఆ మాట నచ్చలేదు. పైడి తన బిడ్డ.

"మూడు నెలలేనమ్మా," అంది పైడి.

"వెళ్ళు. తిండి మానకు."

మూడు నెలలు నాలుగయ్యాయి. అవతల జబ్బు చాలావరకు తగ్గింది. ఎవరి పని అయినప్పుడు వాళ్ళు ఒక్కొక్కరే ఇంటికి బయల్దేరారు. ముందు వచ్చింది పైడి.

ఆమెను మొదట చూసింది కుందేలు. చూసి పరుగు లంకించుకున్నాడు.

"అవతల నుంచి వచ్చేసింది. దగ్గుతోంది," అన్నాడు దారిలో జింకతో.

"నువ్వు విన్నావా?"

"దగ్గబోయింది. ఈలోపే నేను వచ్చేశాను."

ఆ మాట సభబండ దగ్గరికి చేరేసరికి ఆ దగ్గుకు ఇద్దరు చచ్చిపోయారు కూడా.

నూకాలు వాగు ఒడ్డుకు పరిగెత్తింది. కూతురు నీళ్ళోడుతూ నిలబడి ఉంది. చిక్కిపోయింది. తల్లిని చూసి నవ్వింది.

నూకాలు ఒక అడుగు వెనక్కి వేసింది. వెయ్యాలని వెయ్యలేదు. కాళ్ళే వేశాయి.

పైడి చూసింది. తనే ఇంకో రెండడుగులు వెనక్కి జరిగింది. "అంతేనమ్మా. అక్కడే ఉండు. అదే మంచిది," అంది.

సభ కూర్చుంది. పైడిని దూరంగా ఒక రాయి మీద నిలబెట్టారు.

"మీ భయం నాకర్థమైంది," అంది పైడి. "ఈ జబ్బు గొంతు ఎర్రబడితే తప్ప ఇంకొకరికి అంటదు. వచ్చేదైతే ఇరవై ఒక్క రోజుల్లోపే వస్తుంది. అన్నాళ్ళూ మా కలుగులోనే విడిగా ఉంటాను. పొద్దున, సాయంత్రం గొంతు చూపిస్తాను. కొంచెం ఎర్రగా ఉన్నా ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను."

దున్న ఉడుము వైపు చూశాడు. "బాగానే ఉన్నట్టుందయ్యా."

"సబబుగానే ఉంది బాబూ," అన్నాడు ఉడుము. "కానీ దీంట్లో మనం చేసింది ఏముంది? అంతా ఆ అమ్మాయే చేసుకుంటోంది. రేపు జనం అడిగితే సభ ఏం చేసిందని చెప్పాలి?"

"పైగా కనపడదు," అన్నాడు నెమలి. "కలుగులో ఉంటే ఎవరికి కనపడుతుంది? భయం పోవాలంటే కనపడాలి."

ఉడుము తీర్మానం చదివాడు. అవతల సేవ చేసి తిరిగి వచ్చిన ప్రతివారూ ఇరవై ఒక్క రోజులు ముళ్ళకంచెలో ఉండవలెను.

కాపలా పని ముళ్ళపందికి ఇచ్చారు. ఆయనకు ఒక అనుమానం వచ్చింది.

"మరి తమరి బావమరిదిగారు రోజూ అవతలికెళ్ళి ఇప్పపూలు తినొస్తారు కదా బాబూ? ఆయన్ని కూడా తొయ్యాలా?"

దున్న ఆకాశంలోకి చూశాడు.

"ఆయన అక్కడ సేవ ఏమైనా చేశాడా?" అని అడిగాడు ఉడుము.

"ఛ. లేదు."

"మరింకేం. అవతల నుంచి వచ్చిన ముంగిసలను కంచెలోకి తొయ్యడం నీ పని. మిగతాది నీకెందుకు?"

వాగు పక్క పల్లంలో రేగుకంపతో కంచె వేశారు. వాన పడితే లోపల నీళ్ళు నిలుస్తాయి. గుమ్మం ముందు ఒక తాబేటి చిప్ప పెట్టారు. రోజూ పొద్దున ఉడుము వచ్చి అందులో ఒక ఈతగింజ వేస్తాడు. ఇరవై ఒక్క గింజలు పడితే బయటికి.

నూకాలు రోజూ గుడ్డు తెచ్చి పొడుగాటి కర్రతో కంప సందులోంచి తోసేది. సగం రోజులు గుడ్డు పగిలేది. కంపకు అంటిన సొన పైడి నాకేది. నూకాలు అటు తిరిగి నిలబడేది.

తొమ్మిదో రోజున రెండో ముంగిస వచ్చాడు. ముళ్ళపంది అతన్ని కూడా లోపలికి పంపాడు. మర్నాడు ఉడుము వచ్చి చిప్ప బోర్లించి, గింజలన్నీ పారబోసి, కొత్తగా ఒకటి వేశాడు.

"మా అమ్మాయికి తొమ్మిదయ్యాయి కదా బాబూ?" అంది నూకాలు.

"కంచె ఒకటే. చిప్ప ఒకటే. లెక్క ఒకటే."

"అతనికి వేరే చిప్ప పెట్టండి."

"రెండు చిప్పలుంటే ఏది ఎవరిదో ఎలా తెలుస్తుందమ్మా? గొడవలొస్తాయి."

"ఇద్దర్నీ వేరే వేరే కంచెల్లో ఉంచండి."

"కంప కొట్టేది ఎవరు? నువ్వు కొడతావా?"

"కొడతాను."

"కంచె వెయ్యాల్సింది సభ. నువ్వు వేస్తే అది కంచె ఎలా అవుతుంది?" అని ఉడుము వెళ్ళిపోయాడు.

పదిహేడు గింజలు పడ్డాక మూడో ముంగిస వచ్చింది. చిప్ప మళ్ళీ బోర్లించారు.

ఆ రోజు పైడి కంప పక్కకు వచ్చి కూర్చుంది. "అక్కడ వాళ్ళు నా చేతుల్లోనే పోతుంటే భయం వెయ్యలేదమ్మా. ఇక్కడ గింజలు చూస్తుంటే వేస్తోంది."

"ఇంకెవరున్నారే అవతల?"

"సింహాచలం ఒక్కడే. మన కోసం ఆకు కోసుకొస్తానని ఉండిపోయాడు. ఆ ఆకు అవతల కొండ మీదే ఉంటుంది. ఎందుకైనా మంచిదన్నాడు."

నూకాలు ఆ రోజు నుంచి గింజలు తనే లెక్కపెట్టింది. పది. పదమూడు. పదహారు. సింహాచలం ఆలస్యంగా రావాలని కోరుకుంది. అతని తల్లి ఎర్నమ్మ రోజూ ఇంటి ముందు చెట్టెక్కి కొడుకు కోసం వాగు వైపు చూసేది. ఆ చెట్టు కింద నుంచి వెళ్ళడం నూకాలు మానేసింది.

పద్దెనిమిదో గింజ పడిన రోజు నూకాలు వాగు దగ్గరికి వెళ్ళింది. అవతలి ఒడ్డున సింహాచలం ఉన్నాడు. వీపు మీద ఆకుల మోపు. నీళ్ళలో ఒక కాలు పెట్టాడు.

"నాయనా, ఆగు," అంది నూకాలు.

"ఏం పిన్నీ?"

"ఇప్పుడు రాకు. మూడు రోజులాగు. నువ్వు వస్తే పైడికి మళ్ళీ ఒకటి నుంచి మొదలు."

సింహాచలానికి సంగతంతా చెప్పింది. కంచె, చిప్ప, గింజలు.

"అమ్మ ఎదురుచూస్తుంటుంది పిన్నీ."

"నేను చెబుతాలే."

కాలు వెనక్కి తీసుకున్నాడు. "సరే. మూడు రోజులు ఎంతలో పోతాయి," అని మోపు దించి, దాని పక్కన కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఎర్నమ్మ ఎదురైంది.

"మావాడేమైనా కనిపించాడా చెల్లీ?"

"లేదు," అంది నూకాలు.

ఎర్నమ్మ గొంతు జీరగా ఉంది. కొడుకును పిలిచి పిలిచి అలా అయిందనుకుంది నూకాలు.

ఈ కంచె సంగతి అడవంతా తెలిసింది. అవతలికి పోయొచ్చేవాళ్ళు చాలామందే. ఒకరు ఇప్పపూలకు, ఒకరు చుట్టాలింటికి, ఒకరు ఊరికే. వాళ్ళకు ముళ్ళపందిని చూస్తే గుండె జారింది. సేవ చెయ్యలేదన్నా వింటాడో లేదోనని వాగు దిగువన రెల్లు గుబుర్లలోంచి దాటడం మొదలుపెట్టారు. గొంతు గరగరలాడినా ఎవరూ చెప్పలేదు. చెబితే కంచె.

దున్న బావమరిది మెడకు తీగలు చుట్టుకున్నాడు. అలంకారమన్నాడు. కుందేలు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగాడు. నెమలి కూత మానేశాడు. ఏమని అడిగితే నేల మీద ముక్కుతో రాసి చూపించాడు, మౌనవ్రతమని. ఎంత నిష్ఠో అని నలుగురూ మెచ్చుకున్నారు.

ఇరవయ్యో గింజ పడిన రోజు సభ జరుగుతుండగా నెమలి మౌనవ్రతంతోనే పక్కకు ఒరిగిపోయాడు. నోరు తెరిచి చూస్తే గొంతు ఎర్రగా మండుతోంది. అప్పుడు మిగతావాళ్ళు ఒకరి గొంతు ఒకరు చూసుకున్నారు. పద్నాలుగు మంది తేలారు.

"ముంగిసలను పిలవండి," అన్నాడు దున్న.

"ఇంకా ఒక గింజ ఉంది బాబూ," అన్నాడు ఉడుము.

"ఒక్క గింజే కదయ్యా."

"రేపు ఎవరైనా అడిగితే?"

"ఎవరడుగుతారు?"

"నేనే అడుగుతాను," అన్నాడు ఉడుము. "కార్యదర్శిని కదా, అడక్క తప్పదు."

"పోనీ రోగులనే కంచెలోకి పంపుదామా?"

"కొత్తవాళ్ళు వెళితే చిప్ప బోర్లించాలి."

దున్న చెమటలు కక్కాడు. అతనికీ పొద్దుటి నుంచి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది. ఎవరికీ చెప్పలేదు.

ఉడుము కళ్ళు మూసుకుని ఆలోచించాడు. చివరికి తీర్మానం రాశాడు. ఈ క్షణం నుంచి కంచె లోపలి భాగం అడవి అనబడును. కంచె బయటి భాగమంతా కంచె అనబడును. అడవిలో ఉన్న ముంగిసలు స్వచ్ఛందంగా కంచెలోకి వెళ్ళి సేవ చేయవచ్చును.

అందరూ తోకలూపారు. ఊపలేనివాళ్ళవి పక్కవాళ్ళు ఊపారు.

ముళ్ళపంది గుమ్మం తీసి, "అమ్మా, మీరిప్పుడు అడవిలో ఉన్నారట. కంచెలోకి దయచెయ్యండి," అన్నాడు. తనకేమీ అర్థం కాలేదని కూడా అన్నాడు.

పైడి బయటికొచ్చింది. నూకాలు ఈసారి వెనక్కి జరగలేదు. కానీ కూతురు ఆగలేదు. నడుస్తూనే అడిగింది.

"సింహాచలం ఇంకా రాలేదా? ఆకంతా వాడి దగ్గరే ఉంది. మా దగ్గర ఒక్క రెమ్మ లేదు."

నూకాలుకు మాట రాలేదు. గొంతు బాగానే ఉంది. మాటే రాలేదు.

"అమ్మా?"

"ఒడ్డున ఉన్నాడు," అంది. "నేనే ఆపాను."

పైడి తల్లి వైపు చూసింది. తిడితే బాగుండేదేమో. "పద," అంది.

వాన కురుస్తోంది. అవతలి ఒడ్డున సింహాచలం ఆకుల మోపు మీద బోర్లా పడుకుని ఉన్నాడు, తడవకుండా. నూకాలును చూసి తలెత్తాడు.

"మూడు రోజులన్నావు కదా పిన్నీ. ఇంకా ఒకటుంది."

"వచ్చెయ్ నాయనా."

వచ్చాడు. ముందు ఇంటికి పరిగెత్తాడు. ఎర్నమ్మ ఆ పొద్దునే పోయింది. చెట్టు ఎక్కలేక దాని మొదలు దగ్గరే కూలబడింది. వాగు వైపు తిరిగి ఉంది.

సింహాచలం తల్లి పక్కన కొంచెంసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి మోపు విప్పి, ఆకు నూరడం మొదలుపెట్టాడు. నూకాలు నీళ్ళు తెచ్చి పెట్టింది. అతను తీసుకున్నాడు. ఆమె వైపు చూడలేదు.

తొమ్మిది రోజులు నలుగురూ కూర్చోకుండా పని చేశారు. ఇద్దరు పోయారు. మిగతావాళ్ళు లేచారు. దున్న లేచాడు. కుందేలు లేచి మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టాడు. నెమలికి గొంతు తిరిగొచ్చింది.

సన్మానం పెట్టారు. ముంగిసలను వంద అడుగుల దూరంలో నిలబెట్టి, కోతి చేత పూలు విసిరించారు. నెమలి గంటసేపు మాట్లాడాడు. సభ ముందుచూపు వల్లే అడవి నిలిచిందన్నాడు. కంచె లేకపోయి ఉంటే ఏమయ్యేదోనన్నాడు.

చివర్లో ఉడుము చిన్న ప్రకటన చేశాడు. జబ్బు తగ్గింది కాబట్టి అడవి మళ్ళీ అడవి, కంచె మళ్ళీ కంచె. ముంగిసలు నలుగురూ రోగులను తాకి సేవ చేశారు కాబట్టి కంచెలోకి వెళ్ళాలి. చిప్ప కడిగించాం.

"మా అమ్మ పోయింది," అన్నాడు సింహాచలం.

"సంతాప తీర్మానం చేశాం బాబూ," అన్నాడు ఉడుము. "నకలు కావాలంటే ఇస్తాం."

సింహాచలం లేచి వాగు వైపు నడిచాడు. పైడి అతని వెనక నడిచింది. మిగతా ఇద్దరూ నడిచారు.

కాస్త ఆగి నూకాలు కూడా వెళ్ళింది. ఆమెను ఎవరూ రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. పది అడుగుల వెనకాల నడిచింది.

"వాళ్ళను ఆపవయ్యా," అన్నాడు దున్న.

"ఇటు వచ్చేవాళ్ళనే తొయ్యమన్నారు బాబూ," అన్నాడు ముళ్ళపంది. "అటు పోయేవాళ్ళ సంగతి నాకు చెప్పలేదు."

ఐదుగురూ వాగు దాటారు. ఉడుము చిప్పలోకి తొంగిచూశాడు. లోపల ఒక్క గింజ లేదు. ఆ రోజు పుస్తకంలో ఇలా రాసుకున్నాడు: ప్రస్తుతం కంచెలో ఎవరూ లేరు. ముప్పు పూర్తిగా తొలగిపోయింది.

నీతి: అడవి క్షేమంగా ఉండాలంటే, ముందుగా అందులో వైద్యం తెలిసినవాళ్ళు లేకుండా చూసుకోవాలి.