అరవై గంటల లోటు

ఎనభై రెండో సంవత్సరంలో ఒక ఆదివారం పొద్దున జగన్‌మోహన్ సారు చాయ్ తాగి, చేతి గడియారానికి కీ ఇచ్చి, ఆనాటి పని కాగితం మీద రాసుకున్నాడు. ఎనిమిదీ పదికి మొదలు. ఒంటిగంటకు తిండి. రెండింటికి మళ్లీ పని. మూడూ పదికి ముగింపు. పదిమంది విద్యార్థులు, తలా ఆరు గంటలు, మొత్తం అరవై. చూసుకున్నకొద్దీ ఆయనకు ముచ్చటేసింది.

ఆయన జహీరాబాదులో ఓ కాలేజీ లెక్చరరు. పాఠాలతోపాటు జాతీయ సేవా పథకం కూడా ఆయన నెత్తినే ఉంది. ఒక్కో విద్యార్థి ఏడాదికి నూట ఇరవై గంటలు పూర్తిచేయాలి. శిక్షణ గంటలు ఎప్పుడో అయిపోయాయి. సేవ గంటలే తలా ఆరు తగ్గాయి. సోమవారం యూనివర్సిటీ నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు. లెక్క తగ్గితే పదిమందికీ సర్టిఫికెట్లు రావు.

"ఆరు గంటలకు గింత పరేషానెందుకు సారూ? కలం తీసి రాసేస్తె అయిపాయె. ఎవలు చూసిన్రు?" అన్నాడు తోటి లెక్చరరు రామ్‌కిషన్.

"నేను చూస్తున్న గద," అన్నాడు జగన్‌మోహన్.

అదీ ఆయన తీరు. పార చేతిలో ఉంటేనే గంట కింద లెక్క. పార దించి చెమట తుడుచుకుంటే ఆ నిమిషం కొట్టివేత. మొదలుకూ ముగింపుకూ ఈల వేసేవాడు. పిల్లలు ఆయన్ని చాటుగా గడియారం సారనేవారు.

ఈసారి పని ఝరాసంగం దగ్గరి ఒక ఊళ్లో. అక్కడ బోరింగు చుట్టూ బురద మడుగు కట్టింది. ఆ నీళ్లు పోవడానికి కాలువ తవ్వాలి. సర్పంచి మహాదేవప్ప పారలు, గడ్డపారలు సిద్ధంగా పెట్టించాడు. ఎనిమిదీ పదికి ఈల మోగింది. పని జోరుగా సాగింది, సరిగ్గా పన్నెండు నిమిషాలు.

అప్పుడు మణెమ్మ బిందె పట్టుకుని నీళ్లకొచ్చింది. ఊరందరికీ అవ్వ వరస ఆమె. నర్సింలు అనే విద్యార్థి అరచేతిలో లేచిన బొబ్బ ఆమె కంట పడింది. బిందె దభీమని దించింది.

"ఓ మహాదేవప్పా! ఇంటికొచ్చిన పిలగాండ్లతోని మట్టి తవ్విస్తున్నవా? మన ఊరికి ఇజ్జతున్నదా?"

ఆ ఊళ్లో చుట్టం కాళ్లు కడుక్కోవడానికి చెంబు కూడా తానే ముంచుకోకూడదు. మహాదేవప్ప తల దించుకున్నాడు. అయిదు నిమిషాల్లో పారలు చేతులు మారాయి. పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టెలు, పుంటికూర వడ్డించారు. ఆ ఇంట్లో తిన్నారు కాబట్టి పక్కింట్లోనూ తినాల్సి వచ్చింది. పక్కింట్లో తిన్నారు కాబట్టి ఎదురింటివాళ్లు అలిగారు. మూడో ఇంటికొచ్చేసరికి నర్సింలు బెల్టు వదులు చేసుకున్నాడు.

"తినుడు ఆపుండ్రి! గంటలు పోతున్నయి!" అని జగన్‌మోహన్ ఇంటింటికీ తిరిగాడు.

"తినకుంటె అవ్వ బాధపడతది సారూ," అన్నాడు నర్సింలు నోటినిండా రొట్టెతో.

లాభం లేదని జగన్‌మోహన్ రిజిస్టరు తీసి సర్పంచి ముందు పెట్టాడు. "జర సమజ్ చేసుకోండ్రి. మాకు అరవై గంటల పని గావాలె. రేపు ఆఫీసరొచ్చి చూస్తడు."

"అరవైయేనా?" అని నవ్వాడు మహాదేవప్ప. "గింతదానికి ఫికరెందుకు సారూ? ముప్పై మందిమి దిగుతం. రెండే గంటలు!"

సారు నోరు తెరిచేలోపే వీధి వీధంతా దిగింది. కాలువ గంటలో అయిపోయింది. అరవై ఇంకా నిండలేదని బడి ముందు గుంతలన్నీ పూడ్చారు. తర్వాత వరసగా నిలబడి, మణెమ్మతో సహా ముప్పై మందీ రిజిస్టరులో వేలిముద్రలు వేశారు. మహాదేవప్ప సిరా ఆరేదాకా ఊదాడు.

"లెక్క పూరా అయింది సారూ. ఆఫీసరుకు మా నమస్తె చెప్పుండ్రి."

జగన్‌మోహన్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. తవ్వడానికి ఊళ్లో మరో గుంత మిగల్లేదు. "గా గంటలు పిల్లలు చెయ్యాలె మహాదేవప్పా. మీరు చేస్తె వీళ్లకు సర్టిఫికెట్లు రావు," అన్నాడు నీరసంగా.

సర్పంచి మొహం మాడిపోయింది. "అంటే పిలగాండ్ల గంటలు మేం మింగినమా?" రిజిస్టరు మూసి, "రేపు మేమే వచ్చి ఆఫీసరుకు చెప్తం," అన్నాడు. వద్దంటే వినలేదు.

సోమవారం పదింటికి తనిఖీ అధికారి రిజిస్టరు తెరిచాడు. పదిమందికీ నూట పద్నాలుగు గంటలా పన్నెండు నిమిషాలే. పేజీ తిప్పితే ముప్పై వేలిముద్రలు.

"మీ విద్యార్థులు డిగ్రీ చదువుతున్నారా, లేక ఇంకా అక్షరాలు దిద్దుతున్నారా?"

జవాబు చెప్పేలోపే బయట ట్రాక్టరు ఆగింది. ముప్పై మందీ దిగారు. మహాదేవప్ప చేతులు జోడించి జరిగిందంతా చెప్పాడు. అధికారి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"తప్పెవరిదైనా గంటలు తక్కువే కదా. నేను అయిదింటిదాకా ఉంటాను. అప్పటికి పూర్తయితే సరే."

ఏ పని దొరుకుతుంది? జగన్‌మోహన్ గడియారం వంక చూసుకున్నాడు. ఇంతలో మణెమ్మ కొంగు సవరించుకుంది.

"ఎట్లాగు పట్నమొచ్చిన. దవాఖానల కండ్లు చూపించుకొని పోత. ఎవలన్న తోవ చూపెట్టుండ్రి బిడ్డా."

"నాకు తాసీల్ ఆఫీసుల పనున్నది," అన్నాడొకడు. ఇంకొకడికి మనియార్డరు రాయించాలి. విచారిస్తే ముప్పై మందికీ ముప్పై పనులు, ఏళ్ల తరబడి ఆగినవి. జగన్‌మోహన్ ప్రాణం లేచొచ్చింది. ఈల తీసి గట్టిగా ఊదాడు.

"నిన్న మనం వీళ్ల మెహమాన్లం. ఇయ్యాల వీళ్లు మన మెహమాన్లు. తలా ముగ్గురు. పదుండ్రి!"

పిల్లలు దవాఖానలో చీటీలు రాయించారు, పోస్టాఫీసులో ఫారాలు నింపారు, తాసీల్ ఆఫీసు వరండాలో వరస కట్టారు. మధ్యాహ్నం ఊరివాళ్లు రొట్టెల మూటలు విప్పబోతే జగన్‌మోహన్ పరుగెత్తుకెళ్లి దండం పెట్టాడు. నాలుగున్నరకు పదిమందికీ నూట ఇరవై గంటలు నిండాయి. ఆయన కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

ఈలోగా కళ్లలో మందు వేయించుకొచ్చిన మణెమ్మ, పిల్లలంతా పనుల్లో ఉండటంతో, మూడింటికే నేరుగా అధికారి ముందు కూర్చుంది. "నా పింఛను దరఖాస్తు రాయి బిడ్డా." ఇతరుల రాతలో తప్పులు పట్టడమే తప్ప ఆయన దరఖాస్తు రాసి ఏళ్లయింది. నాలుగు కాగితాలు పాడుచేసి, అయిదోది ముగించేసరికి ఆయనకు రెండు గంటలు పట్టింది. నర్సింలు చదివి వినిపిస్తే అందులో ఊరి పేరు లేదు.

"గీ సారుకు ఇంక జర నేర్పాలె," అంది మణెమ్మ జాలిగా.

అధికారి దిద్ది ఇచ్చాడు. పదిమంది గంటల కింద సంతకం పెట్టాడు. కలం మూత పెడుతూ, "నేనూ పనిచేశాను కదా, నా పేరు కూడా రాయకూడదా?" అనడిగాడు.

జగన్‌మోహన్ దొంగలెక్కలు రాసే మనిషి కాదు కాబట్టి, ఉన్నదున్నట్టు రాశాడు: సేవ రెండు గంటలు, శిక్షణ సున్నా.